రాయని వార్తకు మార్కులు

పోయిన నెల ఒంగోలులో జర్నలిస్టుల సభ ఒకటి జరిగింది. అందులో ఒక సీనియర్ విలేకరి మైకు అందుకుని, "జర్నలిజం కాలేజీలో నేర్చుకునేదేముందబ్బా? నెల రోజులు నా వెంట పోలీస్ స్టేషనూ, పెద్దాసుపత్రీ, కలెక్టరాఫీసూ తిరిగితే చాలు, నేనే నేర్పిస్తా" అన్నారు. హాల్లో చప్పట్లు మోగాయి. వెనక వరసల్లో కూర్చున్న జర్నలిజం విద్యార్థులు కూడా కొట్టారు. నాకు బాధ కలిగింది అక్కడే. వాళ్లు కట్టిన ఫీజుకూ, గడుపుతున్న ఏళ్లకూ విలువ లేదని ఒక పెద్దమనిషి అందరి ముందూ అంటుంటే, కాదనడానికి ఆ పిల్లల దగ్గర ఒక్క మాట లేదు.

ఆయనంటే నాకు గౌరవం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు, తడిసిన బట్టలతోనే తిరిగి వార్తలు పంపిన మనిషి. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది కూడా. మిగతా సగంతోనే నాకు పేచీ.

నేను పత్రికలో జిల్లా డెస్కులో, అంటే విలేకరులు పంపిన వార్తలు దిద్ది పేజీలు పెట్టేచోట, చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీకి వెళ్లి జర్నలిజం పాఠాలు చెబుతున్నాను. ఈ చదువు మీద అందరూ చేసే ఫిర్యాదు ఒకటే: థియరీ ఎక్కువ, ప్రాక్టికల్స్ తక్కువ. దానికి అందరూ చెప్పే మందు కూడా ఒకటే: కాలేజీని పత్రికాఫీసులాగా, టీవీ స్టూడియోలాగా మార్చండి. అందుకే కాలేజీలు ఒక గదిలో గ్రీన్ మ్యాట్ వేసి, కెమెరా ఒకటి కొని, పిల్లలచేత యాంకరింగ్ చేయిస్తున్నాయి. తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆ గదినే చూపిస్తున్నాయి.

నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. ఆఫీసులో దొరికేదాన్నే కాలేజీలో కూడా పెట్టుకుంటే ఆ ఏళ్లన్నీ దండగ. ఆఫీసుకు చేతకానిది, ఆఫీసుకు తీరిక లేనిది నేర్పడానికే కాలేజీ ఉండాలి.

సెంటీమీటర్ల లెక్క

లీడు (వార్త మొదటి పేరా) రాయడం, హెడ్డింగ్ పెట్టడం, ముఖ్యమైనది పైన పెట్టి మిగతాది కిందికి పేర్చడం, పేజీ పెట్టడం, ఫొటోకు వ్యాఖ్య రాయడం. డెస్కులో కూర్చోబెడితే కొత్త కుర్రాడికి ఇవన్నీ నెలా రెండు నెలల్లో వచ్చేస్తాయి. రాకపోతే రాత్రికి పేజీ వదలడం కుదరదు కాబట్టి పక్కవాళ్లు తిట్టయినా నేర్పుతారు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా అంతే. కాలేజీలో పేజ్‌మేకర్ నేర్చుకున్నవాడు ఆఫీసులో ఇంకోటి చూసి కంగారుపడతాడు, వారానికల్లా అలవాటు పడతాడు. ఇంతవరకు ఆ సీనియర్ చెప్పింది అక్షరాలా నిజం.

ఆఫీసు నేర్పనిది ఏమిటో తెలియాలంటే మండలంలో పనిచేసే కంట్రిబ్యూటర్ బతుకు చూడాలి. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మండలానికొక విలేకరి వచ్చాడు. ఊళ్లో కల్వర్టు కూలినా, రేషన్ బియ్యం రాకపోయినా పేపర్లో వచ్చే రోజులు వచ్చాయి. అది చిన్న మేలు కాదు. అయితే ఆ విలేకరికి చాలాచోట్ల జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి సెంటీమీటర్ల లెక్కన డబ్బులిస్తారు. వాటికి పెట్రోలు ఖర్చు కూడా గిట్టదు. పంద్రాగస్టుకీ, సంక్రాంతికీ, ఎమ్మెల్యే పుట్టినరోజుకీ యాడ్స్ టార్గెట్ ఉంటుంది. పొద్దున ఏ సర్పంచిని నిలదీయాలో సాయంత్రం ఆ సర్పంచి దగ్గరికే యాడ్ కోసం పోవాలి.

ఈ లెక్కలో ఒక సంగతి గమనించండి. ఒక విలేకరికి ఒక ఫిర్యాదు వచ్చింది. రెండు రోజులు తిరిగాడు, నలుగుర్ని అడిగాడు, కాగితాలు చూశాడు. చివరికి ఫిర్యాదులో నిజం లేదని తేలింది. వదిలేశాడు. అంటే తన పని తాను నూటికి నూరుపాళ్లు సరిగ్గా చేశాడు. అతనికి వచ్చేది సున్నా. పెట్రోలు డబ్బులు అదనపు నష్టం. అదే ఫిర్యాదును ఏమీ అడక్కుండా 'ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి' అని రాసి పంపితే పన్నెండు సెంటీమీటర్లు. పైగా అదే వార్త మిగతా పేపర్లలో వచ్చి తన పేపర్లో రాకపోతే 'మిస్సింగ్' అంటూ పొద్దున్నే ఫోను. అందుకే మండల విలేకరులంతా కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటారు. ఒకరు రాసి గ్రూపులో పడేస్తారు, మిగతావాళ్లు మొదటి వాక్యం మార్చి పంపుతారు. ఎవరికీ మిస్సింగ్ లేదు, ఎవరికీ టెన్షన్ లేదు. మొదట రాసినవాడు తప్పు రాస్తే ఆ తప్పు మర్నాడు అన్ని పేపర్లలోనూ వస్తుంది. అన్నిట్లోనూ వచ్చింది కాబట్టి నిజమే అనుకుంటారు జనం.

నేను ఆ విలేకరులను తప్పుపట్టడం లేదు. ఆ బేరంలో ఎవరున్నా అదే చేస్తారు. నేనంటున్నది, నిజం తేల్చుకోవడం అనే పనికి ఆఫీసులో విలువ కట్టే పద్ధతే లేదని. కాలేజీలో ఉంది. అక్కడ సెంటీమీటర్లు లేవు, యాడ్స్ లేవు, మార్కులున్నాయి. ఆ మార్కులు దేనికి వేస్తామన్నది మన చేతిలో పని.

నీలం రంగు నంబరు

ఒకసారి క్లాసులో కనిగిరి వైపు ఒక పల్లెకు సంబంధించిన నీటి పరీక్ష కాగితం జిరాక్స్ తీసి అందరికీ పంచాను. బోరు నంబరు, నమూనా తీసిన తేదీ, లవణాలు, గట్టిదనం, నైట్రేటు, ఫ్లోరైడు. ఫ్లోరైడు గడిలో 2.4 అని ఉంది. దీని మీద వార్త రాసుకు రమ్మన్నాను.

మర్నాడు వచ్చిన కాపీల హెడ్డింగులు చూస్తే నాకు దిగులేసింది. 'ఫ్లోరైడ్ భూతం', 'ఫ్లోరైడ్ కోరల్లో పల్లె', 'గరళం తాగుతున్న గ్రామం'. వాక్యాలు చక్కగా ఉన్నాయి. ఈ పిల్లలు పేపర్లు బాగా చదువుతారని తెలుస్తోంది. కానీ 2.4 అంటే ఎంత ఎక్కువో ఎవరూ చెప్పలేదు. తాగే నీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదనీ, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా పరవాలేదనీ మన దేశ ప్రమాణం ఉంది. అది ఒక్కరి కాపీలోనూ లేదు. నమూనా ఎండాకాలంలో తీశారా, వానలు పడ్డాక తీశారా అని అడిగినవాళ్లు లేరు. నమూనా తీసిన బోరు ఇప్పుడు వాడకంలో ఉందా అని కూడా అడగలేదు.

పామూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం వార్త తేలేదు. వాళ్ల మేనమామది ఆ ఊరి పక్కనేనట. ఫోన్ చేసి కనుక్కుంది. "సార్, ఈ కాగితంలో ఉన్న బోరు ఎండిపోయి రెండేళ్లయిందంట. నీళ్లే లేని బోరులో నీళ్లెట్టా పరీక్ష చేశారు సార్?" అంది. క్లాసంతా లేచి కూర్చుంది. ఒకబ్బాయి అప్పటికప్పుడు హెడ్డింగ్ కూడా చెప్పేశాడు: 'ఎండిన బోరుకు దొంగ పరీక్ష'. నిజం చెప్పాలంటే ఏ డెస్కయినా ఆ వార్తను జిల్లా మొదటి పేజీలో పెడుతుంది. ఫోన్లో మామ మాట తప్ప మన దగ్గర ఇంకేముందని అడిగాను. వెళ్లి చూసి రమ్మన్నాను.

ఆ శనివారం బస్సెక్కి వెళ్లింది. మామ బండి మీద తీసుకెళ్లాడు. పాత బోరు ఉంది, చేతిపంపుకి పిడి కూడా లేదు, తుప్పు పట్టి ఉంది. దానికి పది అడుగుల అవతల కొత్త బోరు, మోటారు, దానిపక్కన చిన్న సిమెంటు తొట్టి. తొట్టి గోడ మీద నీలం రంగుతో పాత బోరు నంబరే రాసి ఉంది. మోటారు వేసే ఆయన్ని అడిగితే, "కొత్త బోరుకు నంబరు రాలేదమ్మా, పాతదే రాస్తా ఉండాం" అన్నాడట. పరీక్ష నిజమే, నీళ్లూ నిజమే. దొంగ పరీక్ష లేదు.

సోమవారం వచ్చి "వార్త పోయింది సార్" అంది, ముఖం చిన్నబుచ్చుకుని. నోట్‌బుక్ చూపించమన్నాను. కొత్త బోరు ఎప్పుడు వేశారు, ఎంత లోతు, ఎవరు చెప్పారు, తొట్టి ఫొటో, పంపు ఫొటో, అన్నీ ఉన్నాయి. తాగడానికి ఊళ్లో అందరూ క్యాను నీళ్లు కొనుక్కుంటారనీ, అన్నానికీ పప్పుకీ మాత్రం ఆ బోరు నీళ్లే పోస్తారనీ ఒక మూలన రాసుకుంది. అది ఆమె మనసుకు వార్తగా తోచలేదు. నాకైతే ఆ ఒక్క వాక్యం, మిగతా అందరి భూతాల కన్నా, కోరల కన్నా బరువుగా అనిపించింది.

అప్పుడు మార్కుల పేచీ వచ్చింది. అసైన్‌మెంట్ నిబంధన ప్రకారం మూడొందల మాటల వార్త ఇవ్వాలి. ఆమె ఇవ్వలేదు. నేను ఆమెకే అందరికన్నా ఎక్కువ వేశాను. "వార్తే రాయని పిల్లకు మార్కులేంది సార్?" అని మిగతావాళ్లు అడిగారు. కోపంగా ఏమీ కాదు, నిజంగా అర్థం కాక అడిగారు. ఆ గంటంతా దాని మీదే వాదన జరిగింది. ఆ వార్త అచ్చయి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆ మోటారు వేసే ఆయన ఉద్యోగం పోయేదని ఒకరన్నారు. మళ్లీ ఎవరైనా నీటి పరీక్ష చేస్తామని వస్తే ఊళ్లోవాళ్లు నమ్మరని ఇంకొకరన్నారు. మర్నాడు ఖండన వేస్తారు కదా అని ఒకబ్బాయి. ఆ ఖండన ఎక్కడ వేస్తారు, ఎంత వేస్తారు, ఎంతమంది చూస్తారు అనేదాకా పోయింది మాట.

ఇంకో సంగతి. దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లతో పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు) గురించి మొదటి వైద్య నివేదిక 1937లో వచ్చింది ఈ నేల గురించే. పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాకే అవి ప్రకాశంలోకి వచ్చాయి. ఎనభై ఏళ్లు దాటిన కథను భూతమనీ కోరలనీ రాస్తే చదివేవాడికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఏ బోరు, ఎంత లోతు, ఏ నెల, ఎవరు ఏ నీళ్లు దేనికి వాడుతున్నారు అని రాస్తే తెలుస్తుంది. అది రాయాలంటే ముందు కాగితం చదవడం రావాలి. ఎఫ్ఐఆర్, టెండరు, పంచాయతీ తీర్మానాల పుస్తకం, అడంగల్, బడ్జెట్. మన పిల్లలకు రాయడం నేర్పుతున్నాం. చదవడం నేర్పడం లేదు. ఎఫ్ఐఆర్‌లో ఉన్నది ఫిర్యాదు చేసినవాడి మాట మాత్రమేనని, అదింకా ఎవరూ తేల్చిన నిజం కాదని డిగ్రీ మూడో ఏడు పిల్లలకు కూడా చెప్పాల్సి వస్తోంది.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని కింద జవాబుకు 30 రోజుల గడువు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. ముప్పై రోజులు ఆగే ఓపిక దినపత్రికకు ఉండదు. సెమిస్టరుకు ఉంటుంది. మొదటి వారంలో దరఖాస్తు పెడితే పరీక్షల్లోపు జవాబో, జవాబు రాలేదన్న సంగతో చేతికొస్తుంది. కాలేజీకి ఇంత చక్కగా సరిపోయే పనిని వదిలేసి గ్రీన్ మ్యాట్ ముందు నిలబెట్టడం నాకు మనసొప్పదు.

కృష్ణపట్నంలో ఆ మే నెల

ఇదంతా చిన్న బోరు గొడవ, దీనికి ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లు 2021 మే నెల గుర్తుచేసుకోవాలి. కరోనా రెండో విడత. ఆసుపత్రుల్లో మంచాల్లేవు, ఆక్సిజన్ లేదు. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇస్తున్న మూలికల మందు కోసం వేలమంది వచ్చారు. అంబులెన్సుల్లో కూడా వచ్చారు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు కంట్లో చుక్కలు వేయించుకున్న కాసేపటికే తేరుకున్నానని చెప్పిన వీడియో ఇంటింటికీ చేరింది. ప్రభుత్వం పంపిణీ ఆపింది, పరిశీలన చేయించింది, మే 31న కంటి చుక్కలు తప్ప మిగతా మందులకు అనుమతిచ్చింది. ఆ హెడ్మాస్టరు నెలాఖరులో నెల్లూరు పెద్దాసుపత్రిలో కన్నుమూశారు.

ఆ మందు మంచిదా చెడ్డదా అన్నది నా విషయం కాదు. ప్రాణభయంతో పోయినవాళ్లను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు, మా బంధువుల్లోనూ పోయినవాళ్లున్నారు. నేనడిగేది ఆ వీడియో చూపించినవాళ్ల గురించి. ఆయన ఆక్సిజన్ ఎంత ఉంది, ఎవరు కొలిచారు, రెండు గంటల తర్వాత ఎంత ఉంది, మర్నాడు ఎలా ఉన్నారు? ఈ ప్రశ్నలు అడగడానికి వైద్యం చదవక్కర్లేదు. 'మందు తీసుకున్నాక తగ్గింది' అనే మాటకూ 'మందు వల్ల తగ్గింది' అనే మాటకూ మధ్య ఉన్న దూరం తెలిస్తే చాలు. అక్కడ మైకులు పట్టుకున్న పిల్లల్లో చాలామందికి అది ఎవరూ చెప్పి ఉండరు. ఆఫీసు చెప్పింది ఒక్కటే: లైవ్ ఇవ్వు.

ఆ నెలలో చెప్పడం కుదరదు. ఎదురుగా వేలమంది జనం, చెవిలో డెస్కు అరుపులు. అంతకు మూడేళ్ల ముందు ఒక ప్రశాంతమైన క్లాసు గదిలో చెప్పి ఉండాల్సింది.

దూబగుంట పాఠం

థియరీ దండగ అనేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. థియరీని ఎక్కడినుంచో ఉన్నదున్నట్టు దించుకోవడం దండగ. మా పిల్లలు అజెండా సెట్టింగ్ అనే పాఠం చదువుతారు. అమెరికాలో చాపెల్ హిల్ అనే ఊళ్లో 1968 ఎన్నికలప్పుడు ఇద్దరు పరిశోధకులు ఓటర్లను అడిగి, పత్రికలు దేన్ని ముఖ్యమని చూపిస్తే జనం దాన్నే ముఖ్యమనుకుంటున్నారని తేల్చారు. 1972లో అచ్చయింది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. తడుముకోకుండా రాస్తారు.

అదే పిల్లల్ని దూబగుంట గురించి అడిగాను. కలిగిరి మండలం. మా కాలేజీ నుంచి బస్సు ఉంది. సారా ఉద్యమం అని ఇద్దరు ముగ్గురు అన్నారు, అంతకుమించి లేదు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ బడి వాచకంలోని సీతమ్మ కథ వాళ్లను కదిలించింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీమళ్లీ వాయిదా పడ్డాయి. 'ఈనాడు' ఆ ఉద్యమాన్ని రోజూ భుజానికెత్తుకుంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు.

అజెండా ఎవరు పెట్టారు? ఆ ఆడవాళ్లా, పత్రికా? పత్రిక లేకపోతే అది కలిగిరి మండలం దాటేదా? పత్రిక ఎత్తుకున్నాక అందులో ఆ ఆడవాళ్ల మాటలు ఎన్ని మిగిలాయి, నాయకుల మాటలు ఎన్ని చేరాయి? పత్రిక ఒక ఉద్యమాన్ని మోయవచ్చా, మోస్తే దాన్ని ప్రశ్నించగలదా? చాపెల్ హిల్‌లో లేని ప్రశ్నలన్నీ ఇక్కడున్నాయి. ఆ రోజుల్లో అక్షరాలు దిద్దిన అమ్మమ్మలు ఇంకా ఊళ్లలో ఉన్నారు. లైబ్రరీలో పాత ఫైళ్లు తీసి, ఆ ఊరికి పోయి, వాళ్లను కూర్చోబెట్టుకుని అడిగి, అచ్చయినదానితో సరిచూసుకుంటే అది ఒక సెమిస్టరంతటి చదువు. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంలోంచి పుట్టిన 'జమీన్ రైతు' వారపత్రిక ఉన్న నెల్లూరులోనే జర్నలిజం చదువుతూ, దాని పాత సంచిక ఒక్కటి కూడా తిరగేయకుండా డిగ్రీ పట్టా పుచ్చుకుంటున్నారు పిల్లలు.

చదవకుండానే పెద్దవాళ్లయినవాళ్లు

నాకు గట్టిగా ఎదురయ్యే వాదన ఒకటుంది. ఈ నేల నుంచి వెళ్లిన గొప్ప సంపాదకులెవరూ జర్నలిజం కాలేజీ మొహం చూడలేదు. మన ప్రాంతంవాడైన ఖాసా సుబ్బారావు గారు, లక్నోలో 'నేషనల్ హెరాల్డ్' నడిపిన చీరాల బిడ్డ కోటంరాజు రామారావు గారు, 1921లో మద్రాసులో 'స్వరాజ్య' పెట్టి ఆస్తంతా దానికే పోసిన ప్రకాశం పంతులు గారు. వీళ్లకు ఏ కాలేజీ నేర్పింది?

ఈ వాదనను నేను కొట్టిపారేయలేను. చాలారోజులు ఆలోచించాను. నాకు తోచిందిది: ప్రకాశం గారు బారిస్టరు. సాక్షిని బోనులో నిలబెట్టి, నువ్వు చూశావా, విన్నావా, ఎంత దూరంలో నిలబడ్డావు అని అడగడం ఆయన వృత్తి. నిజం తేల్చుకునే పద్ధతి కోర్టులో నేర్చుకుని పత్రికలోకి తెచ్చుకున్నారు. ఆ తరంలో చాలామంది ఏదో ఒకచోట ఆ పద్ధతి పట్టుకునే పత్రికల్లోకి వచ్చారు. ఇవాళ ఇంటరో డిగ్రీయో అయ్యీ అవగానే చేతికి మైకు ఇస్తున్నాం. ఆ పద్ధతిని ఎక్కడో ఒకచోట నేర్పాలి కదా.

నేర్పకపోతే ఏమవుతుందో డెస్కులో ఉండగా చూశాను. ఒక రాత్రి పదింటికి మండలం నుంచి ఒక మైనరు బాలిక మీద అత్యాచారం వార్త వచ్చింది. పాప పేరు రాయలేదు. పేరు రాయకూడదని ఆ కుర్రాడికి తెలుసు. తండ్రి పేరు, ఆయన చేసే పని, వీధి, బడి, తరగతి మాత్రం రాశాడు. ఆ ఊళ్లో ఇంక తెలియనిదేముంది? పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరుతో పాటు చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, గుర్తుపట్టే వివరం ఏదైనా సరే వద్దంటుంది. ఆరు నెలలకు తగ్గకుండా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ అని కూడా రాసుంది. ఫోన్ చేసి చెబితే "అవునా అన్నా, నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. అంత చురుకైన కుర్రాడు, అన్నేళ్లుగా వార్తలు పంపుతున్నవాడు. ఒంగోలు సభలో ఆ పెద్దాయన చెప్పిన నెల రోజుల తిరుగుడు అతనెప్పుడో తిరిగాడు.

ఇక మా కాలేజీల సంగతి కూడా దాచిపెట్టను. పర్మినెంటు అధ్యాపకులు లేక గంటల లెక్కన వచ్చే మాలాంటివాళ్లతో నడుస్తున్నాయి. మంచి పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటే, పిల్లలు తెలుగులో గైడు కొనుక్కుని పరీక్ష రాస్తున్నారు. పిల్లలచేత తీయించే పత్రిక, ల్యాబ్ జర్నల్, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చేముందు ఒక్కసారి వస్తుంది. ఇలాంటి చదువును చూసి ఆ పెద్దాయన దండగ అంటే, ఆయన చూసింది అబద్ధం కాదు.

ఉద్యోగాల మాట ఇంకా కష్టం. ఒకరి నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూలికి పోతాడు, ఇంకొకరి అమ్మ చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో ఊడుస్తుంది. "మా వోడికి ఉద్యోగమొస్తుందా సార్?" అని వాళ్లు అడిగితే నిజం తేల్చుకునే పద్ధతి గురించి ఉపన్యాసం చెప్పలేను. కొందరు పార్టీల సోషల్ మీడియా టీముల్లో చేరుతున్నారు, అక్కడ జీతం నెలనెలా వస్తుంది. నా దగ్గర చదివి ప్రకాశం జిల్లాలో ఒక మండలంలో కంట్రిబ్యూటర్‌గా చేరినబ్బాయి ఈ మధ్య అన్నాడు: "సార్, మీరు చెప్పినట్టు కనుక్కునే రాద్దామని మొదట్లో చూశా. మూడు మిస్సింగులయ్యాయి. ఇప్పుడు గ్రూపులో వచ్చింది గ్రూపులో వచ్చినట్టే పంపిస్తన్నా. కాకపోతే ఎవరి మీదైనా ఆరోపణ ఉంటే మాత్రం వాళ్లకొక ఫోన్ చేస్తన్నా." నేను అంత చెప్పినదాంట్లో మిగిలింది ఆ ఒక్క ఫోన్. అది చాలా అని అడిగితే చాలదనే చెబుతాను. అది కూడా లేని మండలాలు ఎన్నో కదా అని మళ్లీ అనిపిస్తుంది. ఈ రెంటి మధ్య నాకింకా తెగలేదు.

తెగిన విషయం ఒకటుంది, మార్కుల విషయం. మా డిగ్రీ పేపర్లో 75 మార్కులు బయట పరీక్షకు, 25 ఇంటర్నల్స్‌కు. ఆ 75 ఎవరో దిద్దుతారు, అక్కడ చాపెల్ హిల్ రాయాల్సిందే. ఇంటర్నల్స్‌లో సగానికి పైగా విచారణ నోట్‌బుక్‌కు పెడదామని మా విభాగాధిపతిని అడిగాను. వార్త అచ్చుకు పనికొచ్చిందా లేదా అన్నది చూడం. ఏ కాగితం చదివావు, ఎవర్ని అడిగావు, ఎవరి మాట ఎవరి మాటతో సరిపోలేదు, ఎందుకు రాశావు లేదా ఎందుకు వదిలేశావు, ఇవే చూస్తాం. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "ఇంటికాడ కూర్చుని, వెళ్లాను, ఏం లేదని తేలింది అని రాసుకొస్తే ఏం చేస్తావు?" అన్నారు. సరైన ప్రశ్నే. అడిగినవాళ్ల ఫోన్ నంబర్లు నోట్‌బుక్‌లో ఉండాలనీ, ఒక్కొక్క నోట్‌బుక్‌లోంచి ఇద్దరికి నేనే ఫోన్ చేసి కనుక్కుంటాననీ చెప్పాను. వచ్చే సెమిస్టరు నుంచి చేసి చూద్దామన్నారు. మొదటి పనికి పిల్లలు ఎవరి ఊరి పంచాయతీకి వాళ్లు పోయి, గ్రామసభ తీర్మానాల పుస్తకం చూపించమని అడగాలి.